ఆ ఒక్క పేజీలో రాయనిది

మేము పదో తరగతి పరీక్షలు రాసింది 1976 మార్చిలో, తెనాలిలోని ఒక బాలికోన్నత పాఠశాలలో. వచ్చే ఏడాదికి యాభై సంవత్సరాలు నిండుతాయి. ఆ సందర్భంగా అందరం ఒకచోట కలుసుకోవాలనీ, ఒక చిన్న సంచిక అచ్చు వేసుకోవాలనీ ఈ ఏడాది జనవరిలో కొందరు మిత్రురాళ్ళు పూనుకున్నారు. నియమం ఒక్కటే. ఒక్కొక్కరికి ఒక్క పేజీ. బడి వదిలిన తర్వాత ఏం చదివారు, ఏం చేశారు, పిల్లలెందరు, ఇప్పుడెక్కడ ఉంటున్నారు, అంతా ఆ పేజీలోనే ఇమడాలి.

ముప్ఫై అయిదేళ్ళు పిల్లల జవాబుపత్రాలు దిద్దినదాన్ని. ఒక పేజీ రాయడానికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను. నిజంగానే ఎక్కువసేపు పట్టలేదు. ఇంటర్మీడియట్, డిగ్రీ, బి.ఎడ్., 1986లో ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం టీచరుగా ఉద్యోగం, 2021లో పదవీ విరమణ. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి. అల్లాహ్ దయవల్ల 2012లో మా వారితో కలిసి హజ్ యాత్ర. ప్రస్తుత నివాసం గుంటూరు. స్త్రీల వారాంతపు ధార్మిక సమావేశాల్లో నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతుంటాను. చివరి వాక్యంగా 'సంతృప్తికరమైన జీవితం, అల్హమ్దులిల్లాహ్' అని రాసి పంపేశాను.

తర్వాత తక్కినవారి పేజీలు ఒక్కొక్కటే రాసాగాయి. నిర్వాహకులు వాటిని అందరికీ పంపేవారు. వాటిని చదవడం నాకు అలవాటైపోయింది. ఒకామె తన కొడుకు అమెరికాలో కట్టుకున్న ఇల్లు ఎన్ని చదరపు అడుగులో కూడా రాసింది. బడిలో ఎప్పుడూ నోరు విప్పని ఒకామె, భర్తకు వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయిస్తూ గడిచిన ఆరేళ్ళను ఎక్కడా ఏడుపు లేకుండా, ఆసుపత్రి మెట్ల సంఖ్యతో సహా రాసింది. చాలామంది తమ గురించి రెండు వాక్యాలు, పిల్లల గురించి ఇరవై వాక్యాలు రాశారు. ఆడవాళ్ళం కదా, మన ఆయుష్షును మన పేరుమీద లెక్కవేసుకోవడం మనకెవరూ నేర్పలేదు. వెనక బెంచీలో కూర్చునే ఒక మిత్రురాలు మాత్రం మూడు ముక్కల్లో ముగించింది. కొట్టు నడిపానని, ఇద్దరు పిల్లల్ని పెంచానని రాసి, కింద ఇలా చేర్చింది: 'ఎవరికీ ఏమీ బాకీ లేను.'

ఆ మాట దగ్గర ఆగిపోయాను. డబ్బు విషయమే ఆమె రాసి ఉంటుంది. నాకు గుర్తొచ్చింది మాత్రం మరొకటి.

మా తరగతిలో నలభైమంది పైచిలుకు ఉండేవాళ్ళం. అందులో ముస్లిం అమ్మాయిలం ముగ్గురం. మూడో అమ్మాయి కుటుంబం ఇంటరు తర్వాత బెంగుళూరు వెళ్ళిపోయింది. ఇక మిగిలిన ఇద్దరిలో ఒకరిని నేను. రెండో ఆమె పేరు ఇక్కడ రాయను, అలా అని ఆమెకు మాట ఇచ్చాను. వాళ్ళ నాన్న తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలేవారు. మా ఇళ్ళు ఒకే వీధిలో ఉండేవి. ఇద్దరం కలిసే బడికి వెళ్ళేవాళ్ళం, కలిసే కాలువ గట్టున తిరిగి వచ్చేవాళ్ళం. లెక్కల్లో ఆమె ఎప్పుడూ మొదటిది. నేను రెండోదాన్ని. మా లెక్కల టీచరుగారు కొత్త అధ్యాయం మొదలుపెట్టేటప్పుడు బోర్డుమీద లెక్క వేసి ఆమెవైపు చూసేవారు, నావైపు చూసేవారు కాదు.

సంచిక కోసం ఆమె ఆచూకీ వెతకడం మొదలుపెట్టారు. ఆడపిల్లల్ని యాభై ఏళ్ళ తర్వాత వెతకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెళ్ళితో ఊరు మారుతుంది, ఇల్లు మారుతుంది, చాలామందికి ఇంటిపేరూ మారుతుంది. మనవాళ్ళలో అయితే ఇంకో చిక్కు. గుంటూరు జిల్లాలో 'షేక్' అనే ఇంటిపేరుతో ఎవరినని వెతుకుతారు? పైగా బడి రిజిస్టరులో ఉన్న పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ రెండూ పోయి 'ఫలానావాళ్ళ కోడలు' అవుతుంది, ఆ తర్వాత 'ఫలానావాడి అమ్మ'. తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. నేను కూడా 'తెలియదు' అన్నాను. పెళ్ళి చేసి రేపల్లె వైపు ఇచ్చారని మాత్రం చెప్పాను. అది నిజమే. అంతకుమించి తెలుసుకునే ప్రయత్నం నలభై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చేయలేదన్నది కూడా నిజమే.

1975 డిసెంబరులో జరిగిన సంగతి చెప్పాలి. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఇచ్చిన వారం అది. లెక్కల్లో ఆమెకు ఎనభై ఎనిమిది, నాకు డెబ్భై ఒకటి. సాయంత్రం ఇద్దరం గ్రంథాలయానికి వెళ్ళాం. నేను లోపల వారపత్రికలు తిరగేస్తూ చాలాసేపు ఉండిపోయాను. బయటికి వచ్చేసరికి ఆమె మెట్లమీద నిలబడి ఒక అబ్బాయి చేతిలోంచి పుస్తకం తీసుకుంటోంది. అతను మా టీచరుగారి బంధువు, ఇంటరు చదువుతున్నాడు. పుస్తకం లెక్కల గైడు. ఇదంతా నాకు అప్పుడే తెలుసు.

ఇంటికి చేరేసరికి మగ్రిబ్ దాటిపోయింది. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. 'ఇంత ఆలస్యమైందేం?' అని గట్టిగా అడిగింది. పత్రికలు చదువుతూ ఉండిపోయానంటే దెబ్బలు పడతాయి. అందుకని ఆమె పేరు చెప్పాను. 'లైబ్రరీ మెట్లమీద ఒక అబ్బాయితో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆమె వచ్చేదాకా ఆగాను' అన్నాను. 'నవ్వుతూ' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఈ నాటికీ నాకు అంతుపట్టదు. ఆమె నవ్వడం నేను చూశానా? ఎంత ప్రయత్నించినా ఆ దృశ్యంలో ఆమె ముఖం నాకు కనిపించదు. చెయ్యి కనిపిస్తుంది, పుస్తకం అట్ట కనిపిస్తుంది. ఆ ఎనభై ఎనిమిది మాత్రం బాగా కనిపిస్తుంది.

అమ్మ పక్కింట్లో ఉన్న మా ఖాలాకు చెప్పింది. ఖాలా ఎవరికి చెప్పిందో తెలియదు. శుక్రవారానికల్లా మాట జట్కా స్టాండు దాకా వెళ్ళింది. మన ఇళ్ళలో ఇదొక వింత. ఆలస్యంగా వచ్చిన అమ్మాయిని వంద ప్రశ్నలు అడుగుతారు. ఆమె మీద కబురు మోసుకొచ్చినవాళ్ళను 'నువ్వు చూశావా, ఏం చూశావు, అతనెవరో కనుక్కున్నావా' అని ఒక్క ప్రశ్నా అడగరు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. ఫిబ్రవరిలో నికాహ్ అయిపోయింది. పరీక్ష ఫీజు అప్పటికే కట్టి ఉండడం వల్ల ఆమె హాల్ టికెట్టు వచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారి బల్లమీద అద్దం కింద చాలారోజులు అది అలాగే ఉండిపోయింది. పేర్ల వరుసలో 'షేక్'లం అందరం పక్కపక్కనే వస్తాం కాబట్టి, పరీక్షలో ఆమె నంబరు నా ముందు బల్లమీద పడింది. పరీక్షలు ముగిసేదాకా ఆ బల్ల ఖాళీగానే ఉంది.

ఇంకొక్క విషయం ఉంది. దీన్ని నా పిల్లలకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఏటా పదో తరగతిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ముస్లిం అమ్మాయికి పై చదువు పుస్తకాల ఖర్చంతా ఇచ్చేవారు. ఆ ఏడు అది నాకు దక్కింది. ఇంటరు చదివించే స్తోమత మా నాన్నకు లేదు. ఆ సాయం లేకపోతే నా పేజీలోని మొదటి మాట 'ఇంటర్మీడియట్' ఉండేదే కాదు.

ఇలాంటిదాన్ని నేను ఇన్నేళ్ళుగా స్త్రీల సమావేశాల్లో పరోక్షనింద (గీబత్) గురించి ప్రసంగాలు చేస్తూ వచ్చాను. హుజురాత్ సూరాలో అల్లాహ్ దాన్ని చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చిన సంగతి ఎన్నోసార్లు వివరించాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేను కూడా తుడుచుకునేదాన్ని. అప్పుడు నా కళ్ళముందు మెదిలేవి మా తోటికోడళ్ళ మాటలు, స్టాఫ్ రూమ్ కబుర్లు. గ్రంథాలయం మెట్లు ఎప్పుడూ గుర్తుకు రాలేదని చెబితే అది అబద్ధం. వచ్చేవి. వెంటనే 'చిన్నతనం' అనుకుని పక్కకు నెట్టేసేదాన్ని.

రంజాను మాసానికి కొద్దిరోజుల ముందు ఆమె ఫోన్ నంబరు దొరికింది. దొరకబుచ్చుకున్నది తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మా మిత్రురాలు. రేపల్లెలో తనకు తెలిసిన ఒక పోస్ట్‌మన్‌ను పట్టుకుని, 'టైలరింగ్ చేసే షేకుల ఇల్లు, తెనాలి నుంచి వచ్చిన కోడలు, అరవై దాటి ఉంటుంది' అని మూడు గుర్తులు చెప్పిందట. రెండు రోజుల్లో కబురొచ్చింది. నంబరు నాకు పంపుతూ, 'నీ ప్రాణస్నేహితురాలు కదా, ముందు నువ్వే మాట్లాడు' అంది.

నేను మాట్లాడలేదు. రంజాను మొదలైంది. రోజాలు, తరావీహ్ నమాజులు, ఖుర్ఆన్ పారాయణం అంటూ నాకు నేనే వంకలు చెప్పుకున్నాను. మధ్యలో పుస్తకాలు కూడా తిరగేశాను. ఎవరి వెనుకనైనా చెడుగా మాట్లాడినవారు తౌబా ఎలా చేసుకోవాలన్న విషయంలో ధార్మిక పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఆ వ్యక్తి దగ్గరికి వెళ్ళి క్షమాపణ కోరక తప్పదని ఇమామ్ గజాలీ వంటివారు అన్నారు. ఆ సంగతి వారి చెవిన పడకపోయి ఉంటే, ఇప్పుడు చెప్పడంవల్ల కొత్త గాయం రేగుతుంది కాబట్టి, వారి కోసం అల్లాహ్‌ను మన్నింపు వేడుకుని, నింద చేసిన చోటే వారి మంచిని చెప్పడం చాలునని ఇబ్నె ఖయ్యిమ్ వంటివారు అన్నారు. రెండో మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆమెకు తెలియదు కదా, తెలియజేసి ఆమె మనసు ఎందుకు కష్టపెట్టాలి అనుకున్నాను. ఆ పండితులు ఎదుటివారి మనసు కోసం చెప్పిన మాటను నేను నా ముఖం కాపాడుకోవడానికి వాడుకుంటున్నానని లోపల తెలుస్తూనే ఉంది.

ఒకరోజు సహ్రీ తర్వాత మా వారితో అంతా చెప్పాను. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఆయనకు ఇది తెలియదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బుఖారీ గ్రంథంలోని ఒక హదీసు గుర్తుచేశారు. ఒకరి గౌరవానికి గానీ మరి దేనికి గానీ అన్యాయం చేసినవారు, దీనార్లూ దిర్హములూ పనికిరాని రోజు రాకముందే, ఈనాడే దాన్ని తేల్చుకోవాలన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ అది. 'నువ్వు ఆమె పరువు తీశావు, ఆమె చదువూ పోయింది. రెండోది గీబత్ లెక్కలో రాదు, హక్కు లెక్కలో వస్తుంది' అన్నారు. అంతే. ఇక ఆ ప్రస్తావన తేలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాను. పండుగ కాబట్టి శుభాకాంక్షలతో మొదలుపెట్టవచ్చని ధైర్యం. ఎవరో చిన్నపిల్ల ఎత్తి 'దాదీ, ఎవరో టీచరంట' అని అరిచింది. ఆమె వచ్చింది. గొంతు గుర్తుపట్టలేకపోయాను. నా పేరు చెప్పాను. అటువైపు కాస్సేపు నిశ్శబ్దం. తర్వాత 'ఎప్పుడొస్తున్నావు?' అంది. బాగున్నావా అని కాదు, ఇన్నాళ్ళెక్కడున్నావని కాదు.

పండుగ తర్వాత వచ్చిన ఆదివారం రైల్లో తెనాలి మీదుగా రేపల్లె వెళ్ళాను. రైలు తెనాలిలో ఆగినప్పుడు జట్కాలు ఉండే వైపు చూశాను. అన్నీ ఆటోలే. దారి పొడవునా చెప్పవలసిన మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను.

ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకు కత్తిరించిన కాగితపు నమూనాలు. ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. నెల కిందటే కంటికి శుక్లం ఆపరేషన్ అయిందట, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది. కోడలు 'కూర్చోండి ఖాలమ్మా' అంటూ మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను కూడబలుక్కున్నవేవీ నోటికి రాలేదు. ముందు ఆమే తన సంగతులు చెప్పింది. అత్తగారి ఊరు సముద్రానికి దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు పోయింది. నెలల బిడ్డతో ఆ రాత్రంతా ఒక మిల్లు మేడమీద గడిపారు. దివిసీమలోనూ ఆ తీరం పొడవునా వేలమందిని మింగిన గాలివాన అది. వాళ్ళ వీధిలోనే ఎన్ని శవాలు లేచాయో ఆమె చెప్పబోయి ఆపేసింది. కట్టుబట్టలతో రేపల్లె వచ్చారు. భర్త టైలరు. మిషను మీద ఆయన కుడుతుంటే ఆమె కత్తిరింపు నేర్చుకుంది. 'చంక దగ్గర వంపు తీయడం లెక్కే కదే. కొలతల్లోంచి సూత్రం నేనే కట్టుకున్నాను. ఆయన వేళ్ళతో కొలిచేవాడు, నేను కాగితం మీద వేసేదాన్ని' అంది. చుట్టుపక్కల ఆడపిల్లలకు ఆ పనే నేర్పింది. ఎందరికి నేర్పావంటే లెక్కపెట్టలేదంది. లెక్కల్లో ఎనభై ఎనిమిది తెచ్చుకున్న మనిషి! భర్త 2009లో పోయారు. కూతుళ్ళిద్దరినీ డిగ్రీ దాకా చదివించింది. కొడుకు కొట్టు చూసుకుంటాడు. మనుమరాలు డిగ్రీలో లెక్కలే తీసుకుంది.

అప్పుడు చెప్పాను. డిసెంబరు సాయంత్రం, అమ్మ ప్రశ్న, నా జవాబు. 'నవ్వుతూ' అన్న మాట కూడా దాచలేదు. పుస్తకాల ఖర్చు సంగతీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ఒడిలో ఉన్న గుడ్డముక్క అంచును వేళ్ళతో మడతపెడుతూనే ఉంది.

'నాకు తెలుసు' అంది.

తర్వాత ఆమె చెప్పినది నేను ఊహించలేనిది. 1991లో మా అమ్మా నాన్నా హజ్‌కు వెళ్ళారు. అప్పట్లో బొంబాయి నుంచి ఓడలుండేవి. బయలుదేరే ముందు, మన ఆనవాయితీ ప్రకారం, అమ్మ చుట్టాలూ ఇరుగుపొరుగూ అందరి ఇళ్ళకూ వెళ్ళి 'కహా సునా మాఫ్ కరో' అని అడిగి వచ్చింది. అది నాకు తెలుసు. ఒకరోజు పొద్దున్నే నాన్నను వెంటబెట్టుకుని రైల్లో రేపల్లె కూడా వెళ్ళిందని మాత్రం తెలియదు. ఆమె ఇంట్లో ఈ గదిలోనే, కుర్చీ వేస్తే వద్దని, నేలమీద కూర్చుందట. 'నేను విన్నది ఒకటి, నలుగురికీ చెప్పింది రెండు. నీ చదువు నా నోటివల్ల పోయింది, మాఫ్ చేయమ్మా' అందట. ఈమె 'మీకెవరు చెప్పారు?' అని అడిగింది. అమ్మ తలదించుకుని, 'అది నన్నడగకు. నా వంతుకు నేను అడుగుతున్నాను. ఆ మనిషి వంతు ఆ మనిషిదే' అందట.

'మీ అమ్మను అప్పుడే మాఫ్ చేశాను. ఆ మనిషి ఎవరో ఇంకా ఎవరైనా చెప్పాలా? ఆ రోజు లైబ్రరీ నుంచి నాతో ఇంటికి నడిచి వచ్చింది నువ్వొక్కదానివే' అంది.

అమ్మ 2003లో చనిపోయింది. పన్నెండేళ్ళపాటు నా ముందే తిరుగుతూ, నాతో తింటూ, ఒక్క మాట అనలేదు. నేను అడిగి ఉంటే చెప్పేదేమో. నేను అడగాలని ఎదురుచూసిందేమో.

'నువ్వు హజ్‌కు వెళ్తున్నావని మా అన్నయ్య చెప్పాడు' అని ఆమె కొనసాగించింది. 'మీ అమ్మ వచ్చినట్టే నువ్వూ వస్తావనుకున్నాను. ఈ గదిలో గుడ్డముక్కలన్నీ ఎత్తి సర్దాను. వారం రోజులు సర్దిన గది సర్దినట్టే ఉంచాను. తర్వాత కుట్టుపని ఆగిపోతోందని మళ్ళీ పరిచేశాను.'

2012లో హజ్‌కు ముందు నేను ఎంతమందిని మాఫీ అడిగానో నాకు గుర్తుంది. పాలవాడిని అడిగాను. పాఠశాలలో ఆయమ్మను అడిగాను. ఎప్పుడూ పలకరించని కింది వాటా వాళ్ళను కూడా అడిగాను. అందరూ నవ్వుతూ 'మీరేం చేశారు టీచరుగారూ' అన్నారు. ఆ మాట వినడం ఎంత బాగుండేదో.

'ఇప్పుడు మాఫ్ చెయ్యి' అన్నాను. ఆమె వెంటనే జవాబివ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుంది.

'చదువు పోయినందుకు ఎప్పుడో చేశాను. పదిహేనేళ్ళ పిల్లవి, దెబ్బలకు భయపడి అన్నావు. తర్వాత నలభై తొమ్మిదేళ్ళు నువ్వు పిల్లవి కావు. రేపల్లె రైలు రోజూ ఉంది. దానికి ఇంకా చేయలేదు. చేస్తాను. కాస్త టైమియ్యి.'

కొంతసేపటి తర్వాత మళ్ళీ ఆమే అంది, 'ఆ రోజు నవ్వానో లేదో నాకూ గుర్తులేదే. గైడు దొరికిందన్న సంతోషంలో నవ్వే ఉంటాను. నవ్వితే మాత్రం?'

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క మాటను నేను చేర్చానా, చూశానా అని యాభై ఏళ్ళు కొట్టుకున్నాను. నిజంగానే చూసి ఉంటే నా తప్పు సగం తగ్గుతుందని ఆశ. ఆమె ఆ ప్రశ్ననే తీసి పక్కన పెట్టేసింది.

జొహర్ నమాజు ఇద్దరం పక్కపక్కనే చేశాం. ఆమెకు కంటి ఆపరేషన్ వల్ల సజ్దా చేయవద్దన్నారట, కుర్చీలో కూర్చుని చేసింది. భోజనంలో గోంగూర మాంసం, పప్పుచారు. కోడలు వడ్డిస్తూ 'మా అత్తమ్మ మీ గురించి చెబుతూ ఉండేది' అంది. ఏం చెప్పిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. 'ఇద్దరూ పుస్తకాల కట్టను చెరో పక్క పట్టుకుని నడిచేవారంట కదా' అని ఆ అమ్మాయే చెప్పింది.

సాయంత్రం నేను బయలుదేరబోతుంటే, 'నా పేజీ రాసి ఇచ్చి వెళ్ళు. కళ్ళు ఇంకా ఆనడం లేదు. బోర్డుమీద రోజూ సూక్తి రాసేది నువ్వే కదా' అంది. మనుమరాలి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. ఆమె చెబుతుంటే రాశాను. 'పదో తరగతి మధ్యలో ఆపాను అని రాయి. ఎందుకో రాయకు. అది నీకూ నాకూ సంబంధించింది, నలభైమందికీ అక్కర్లేదు' అంది. ఉప్పెన గురించి ఒక వాక్యం చాలంది. భర్త మంచితనం గురించి నాలుగు వాక్యాలు చెప్పింది. కుట్టు నేర్చుకున్న పిల్లల గురించి నేను 'ఎందరో' అని రాస్తే వినిపించుకుని, కొట్టేయించి, వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వీధుల వారీగా లెక్కవేసింది. అరవై మూడు తేలింది. 'అరవై మూడు అని రాయి. ఉరామరిగా రాయడం ఎందుకు?'

చివర సంతకం తానే పెడతానంది. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి, వంగి, కూడబలుక్కుంటూ రాసింది. బడి రిజిస్టరులో ఉండే పేరు. పక్కన నిలబడి చూస్తున్న మనుమరాలు, 'ఇదెవరు దాదీ?' అని అడిగింది. ఆధార్ కార్డు మీద ఉన్నది ఇంట్లో పిలిచే పేరట.

ఆ పేజీని మర్నాడే నిర్వాహకులకు పంపాను. నాది వెనక్కి పంపమని అడిగాను. సంచికలోకి వెళ్ళేలోపు దాన్ని సరిచేయాలి. 'ఇంటర్మీడియట్' అన్న మాటకు ముందు ఒక వాక్యం చేరవలసి ఉంది. ఎందుకో రాయవద్దని ఆమె అంది కాబట్టి కారణం రాయను. ఆ పుస్తకాల ఖర్చు ఎవరికి రావలసిందో మాత్రం రాయాలి. నాలుగు రకాలుగా రాసి చూశాను. ప్రతిసారీ అందులో నా మంచితనం ఎక్కడో ఒకచోట తొంగిచూస్తూనే ఉంది. నాలుగూ కొట్టేశాను. అయిదోది రాసి, ఈ ఆదివారం రేపల్లె తీసుకువెళ్ళి ఆమెకు చదివి వినిపించాలి.